తలనూనె గోడ

పాత గోడల మీద రంగులతో రాసిన ప్రకటనల ఫొటోలు తీయడం మొదలుపెట్టాక, రాయచూరులో నన్ను చూసి నవ్విన వాళ్ళకంటే తిట్టిన వాళ్ళే ఎక్కువ. వారమంతా కరెంటు ప్లాంటు ల్యాబులో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం నాది. ఆదివారం బస్సెక్కి ఊళ్ళోకి వచ్చి, బీడీలవీ, పళ్ళపొడివీ, లాంతర్లవీ వెలిసిపోయిన బొమ్మలు వెతుక్కునేదాన్ని. కెమెరా పైకెత్తగానే ఎవరో ఒకరు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చేవారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసుకుంటున్నానని ఒకరి అనుమానం. వాళ్ళ దాయాదులు పంపారని ఇంకొకరి అనుమానం. లింగసుగూరులో ఒకాయన మాట్లాడకుండా నా కాళ్ళ దగ్గర బకెట్టు నీళ్ళు కుమ్మరించి లోపలికి పోయాడు. నేనూ తక్కువదాన్ని కాదు. గోడ నీదైనా వీధి నీది కాదని అరిచి, తడిసిన చెప్పులతోనే ఫొటో తీసుకుని వచ్చాను.

ధాన్యం బజారు వెనక గల్లీలో ఆ తలనూనె గోడ కనిపించిన రోజున మాత్రం, ఎవరు ఎన్ని తిట్టినా పడవచ్చనిపించింది. రెండంతస్తుల పాత ఇల్లు. పక్కగోడ మీద పైన ఉర్దూలో, కింద కన్నడంలో, అంచు వెంట తెలుగులో నూనె పేరు. సగం అక్షరాలు రాలిపోయాయి. మధ్యలో మాత్రం మనిషంత ఎత్తున ఒక ఆడమనిషి ముఖం నిలిచి ఉంది. తల ఒక పక్కకు వంచి, పొడవాటి జుట్టు దువ్వుకుంటోంది. ఎడమ కనుబొమ కింద పుట్టుమచ్చ. కేలండరు చూసి దింపిన మామూలు బొమ్మ కాదది. ఎవరో నిజం మనిషిని చూసి వేసిన బొమ్మ.

నాలుగైదు ఫొటోలు తీశానో లేదో, పై కిటికీ తెరుచుకుంది.

"ఏయ్, ఎవరు నువ్వు? ఏంది, గోడకు ఫోటోలు తీస్తున్నవ్?"

తెల్లజుట్టు ముసలావిడ. నేను చెప్పబోయాను. ఆవిడ వినలేదు.

"నడువ్ ఈడికెల్లి! మల్ల గల్లీల కనపడితే కాళ్ళు ఇరగ్గొడ్త!"

కిటికీ రెక్కలు దబ్బున మూసుకున్నాయి.

ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం పెద్దాయన ఇదంతా చూసి నవ్వాడు. ఆ నూనె ఆ ఇంట్లోనే కాచేవారట. ముసలావిడ భర్తదే వ్యాపారం. ఆయన పోయి చాలా కాలమైంది.

"ఆ బొమ్మ ఏసిన కొత్తల బజార్ల సగం మంది పని ఇడిసిపెట్టి ఈడనే నిలబడెటోళ్ళమ్మా," అన్నాడు. ఎవరి బొమ్మ అని అడిగితే తక్కెడ వైపు తిరిగి పప్పు తూచడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. పైకప్పు గొట్టం పగిలి, వాన నీళ్ళు సరిగ్గా ఆ ముఖం పక్కగా కారుతున్నాయి. గొట్టం బాగుచేయించుకోమని చెప్పాలి, ఒప్పుకుంటే బొమ్మ చెదిరిపోకుండా పైన ఏదైనా పూత పూయించాలి. అదీ నా ఆలోచన. తలుపు కొట్టాను. ఆవిడే తీసింది. నేను ముందే కంఠస్థం చేసుకున్న మాటలన్నీ గబగబా అప్పజెప్పాను. అరుదైన బొమ్మ, మూడు భాషలు, ఊరి చరిత్ర, కాపాడుకోవాలి. ఆవిడ గడప మీద నిలబడి కదలకుండా విన్నది.

"అయ్యిందా? ఇప్పుడు నా మొఖం జూడు."

చూశాను. ముడతల మధ్య, ఎడమ కనుబొమ కింద పుట్టుమచ్చ.

"మీరా అమ్మా?" అన్నాను. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం నా ముఖంలో కనపడినట్టుంది. ఆవిడ గొంతు పెరిగింది.

"పెండ్లయి ఏడాది కాలే. తలకు పోసుకొని దొడ్లె కూసొని దువ్వుకుంటుంటె, నా మొగడు బొమ్మలేసెటోణ్ణి తెచ్చి తలుపు సందుకు కూసోపెట్టిండు. నాకు తెల్వదు. గోడ మీదికి ఎక్కినంక తెలిసింది. పోరగాళ్ళు ఈలలేసిరి, సీటీలు కొట్టిరి. తాగొచ్చినోళ్ళు గోడకు ముద్దులు పెట్టిరి. నా అత్త నన్నే సిగ్గు షరం లేనిదానా అని తిట్టె. మా అన్న మా పుట్టినూరు మట్మారి నుంచి నన్ను పండగకు తీస్కపోనీకి వచ్చి, గల్లీల ఆ గోడ జూసి, ఇంట్ల మంచినీళ్ళు సుత తాగకుండ ఎనక్కి తిరిగిపోయిండు. సచ్చేదాంక నా గడప తొక్కలే."

"మీ ఆయన్ని చెరిపించమని అడగలేదా?"

"అడగకుంటనా? నూనె మంచిగ అమ్ముతున్నదనె. నూనె బందయినంక అడిగితే, ఉండనియ్ నీకేమైతదనె. ఆయన పోయినంక, ఎండకు వానకు అదే పోతదని ఊకున్న. గిప్పుడు నువ్వొచ్చి, దాన్ని ఉంచాలంటివి!"

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "మీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ ఇన్నేళ్ళ తర్వాత అది మీ ఒక్కరి బొమ్మ కాదు. ఊరిది," అన్నాను.

"ఊరిదా? ఊరు ఉమ్మేసింది నా మొఖం మీద! నీ చరిత్రల నన్నెందుకు పెడ్తవ్? నీ మొఖం పెట్టుకో!" అంటూ కెమెరా పట్టీ పట్టుకుని లాగింది. ముసలి చేతులనుకున్నాను గానీ నా మెడ ఒరుసుకుపోయింది. నాకూ ఒళ్ళు మండింది. ఇదిగో, చూసుకో అన్నట్టు ఆవిడ ముందే ఆ ఫొటోలు ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తూ కెమెరాలోంచి తీసేశాను.

"ఇంకేడన్న ఉన్నయా?"

"ఇంట్లో కంప్యూటర్లో ఉన్నాయి."

"అవి సుత తీసెయ్."

"చూస్తాను," అని విసురుగా వచ్చేశాను.

ఆ వారమంతా ఆవిడ మీద మనసులో కోపమే. ఆదివారం మళ్ళీ ఆ గల్లీకే పోయాను. గోడకు నిచ్చెన వేసి ఉంది. ఇద్దరు మనుషులు సున్నం కొడుతున్నారు. అక్షరాలు అప్పటికే పోయాయి. ముఖం మాత్రం మొదటి పూత కిందనుంచి నల్లగా కనబడుతూనే ఉంది. కింద కర్ర పట్టుకుని నిలబడ్డ ఆవిడ, "కనపడ్తున్నది! ఇంకోపారి కొట్టండి!" అని కేకలేస్తోంది. నన్ను చూసింది.

"వచ్చినవా? ఇప్పుడు తియ్ ఫోటో. మంచిగ తియ్."

"తెల్లగోడలు నాకెందుకు?" అన్నాను.

"నాకు కావాలె," అంది.

కెమెరా పైకెత్తలేదు. ఆవిడా ఇంకోసారి అడగలేదు. దుకాణం పెద్దాయన ఈసారి నవ్వలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. ఆ ముఖాన్ని తెరంతా నిండేలా పెద్దది చేసి చూశాను. దించిన కళ్ళు, కాస్త తెరుచుకున్న నోరు, నుదుటి మీద విడిచిపెట్టిన తడి పాయ. ఇదంతా చిత్రకారుడి పనితనమని మొదటిరోజు మురిసిపోయాను. కాదు, ఎవరూ చూడటం లేదనుకుని తల దువ్వుకుంటున్న పిల్ల ముఖమది. ముఖం ఉన్నవన్నీ తీసేసి, అక్షరాలు మాత్రమే ఉన్న ఒకదాన్ని ఉంచుకున్నాను. ఆవిడ మీద కోపం మాత్రం పోలేదు. ఆవిడకూ పోయి ఉండదు. ధాన్యం బజారుకు పనుండి పోయినా, ఆ గల్లీలోకి నేను తిరగను.