అత్త కట్టిన తప్పెట

పోయిన ఆదివారం పొద్దున్న, అత్త ఉంటున్న లింగియాడీహ్ పేట నుంచి ఫోన్ వచ్చింది. అత్త పోయింది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద వాలిందట. మరి లేవలేదు.

చుట్టరికం ఏమీ లేదు. రైల్వే కాలనీలో ఒకప్పుడు మా పక్క క్వార్టర్ ఆవిడది. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్ళు కాబట్టి నేను అత్తా అనేదాన్ని, తను నన్ను గుంటా అనేది, అంటే పిల్లా అని. నాకు యాభై దాటినా గుంటనే.

అత్త తండ్రి ఊళ్ళో తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. గుండెకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టి, పాడుతూ ఎగిరే ఆట అది. మగాళ్ళే ఆడేవారు. అత్త చూసి నేర్చుకుంది. పెళ్ళై బిలాస్‌పూర్ వచ్చాక ఇక్కడి జట్టు ఆడుతుంటే పక్కన నిలబడి, వాళ్ళు మర్చిపోయిన పదం అందించేది. ఆ జట్టువాళ్ళు ఒక్కొక్కరే రిటైరై ఊళ్ళకి పోయారు. ఒక ఏడాది అమ్మవారి పండక్కి తప్పెట కట్టేవాళ్ళే లేరు. డీజే పెట్టేద్దాం అన్నారు కమిటీవాళ్ళు.

"మన గుంటలకి నేర్పుతాను," అంది అత్త.

"ఆడపిల్లలు గుండెకి తప్పెట కట్టడమేటి?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"అయితే నువ్వు కట్టు బావూ. మేం సూత్తాం."

ఆయన నవ్వేశాడు గానీ లేవలేదు.

మర్నాడే క్వార్టర్ వెనక వాకిట్లో మొదలుపెట్టింది. పిల్లల్లో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. మా అమ్మాయి రెండు అడుగులేసి ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇస్కా మత్‌లబ్ క్యా హై?"

"ముందు కాలికి రానీయే. అర్తం ఎనకాల నడిసొత్తాది."

తప్పు వేస్తే తిట్టేది కాదు. పాట ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. దానికంటే తిట్టినా నయమే అనేవారు పిల్లలు.

పండగనాడు పెద్దవాళ్ళు కొందరు కుర్చీలు దూరంగా లాక్కున్నారు. అత్త జీవితంలో మొదటిసారి తానే తప్పెట కట్టి ముందు నిలబడింది. తప్పెట మోగించింది గానీ, పదం ఎత్తలేకపోయింది. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పదం వాళ్ళే ఎత్తుకున్నారు. అప్పుడు అత్త గొంతు కలిపింది.

ఆట అయ్యాక పెద్దాయన దగ్గరికొచ్చాడు. "మీ నాయన ఉంటే..."

"ఉంటే తిట్టేవోడు. తిట్టేసి, ఇంకో పదం ఎత్తమనేవోడు," అంది.

ఆ తర్వాత రాయపూర్, భిలాయ్ తెలుగువాళ్ళూ పిలిచారు. పిల్లల్ని రైలెక్కించుకుని తీసుకెళ్ళేది. మోకాళ్ళు సహకరించనప్పుడు కుర్చీలో కూర్చునే పాడింది.

ఆదివారం పాడె ఎత్తేముందు అప్పటి పిల్లల్లో నలుగురు వచ్చి వీధిలో ఆడారు. పదం ఎక్కడా తప్పలేదు. ఆటోలు ఆగాయి, ఎవరూ హారన్ కొట్టలేదు.

మా అమ్మాయి ఇప్పుడు అసిస్టెంట్ లోకో పైలట్. మధ్యాహ్నం డ్యూటీ ఉంది. కళ్ళు తుడుచుకుని, తప్పెట విప్పి నా చేతికిచ్చి, స్కూటీ ఎక్కింది. గజ్జెలు విప్పడం మర్చిపోయింది. గతుకుల్లో బండి ఎగిరినప్పుడల్లా అవి మోగుతూ, వీధి మలుపు దాటి పోయాయి.