మునగపాక జెర్సీలో మా బావ

మా అక్క మొగుడు బెల్లం మార్కెట్లో కళాసీ. పగలంతా బెల్లం దిమ్మలు మోసి, సాయంత్రం మా చర్చి వీధి ఫుట్‌బాల్ జట్టులో బ్యాక్ ఆడేవాడు. మీసం మొలవకముందు చేరినవాడు, మీసం నెరిసినా వదల్లేదు. ఆయన మంచి ఆటగాడు. జట్టే పనికిమాలినది. గోల్‌కీపర్ని నేనే, నాకు తెలీదా?

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు, మోకాళ్ళు అరిగాక, ఆయనకొక కోరిక పుట్టింది. ఆట మానేసేలోగా ఒక్కసారి కప్పు చేత్తో పట్టుకోవాలి. మాతో ఉంటే అది జరిగే పని కాదు. మునగపాక రైతుల జట్టు ఎప్పటినుంచో రమ్మంటోంది. ఆ యేడు క్రిస్మస్ టోర్నమెంటుకు వాళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

"సిగ్గు నేదా బావా?" అన్నాను.

"సిగ్గుండబట్టే యెల్తన్నాను. నువ్వు వొగ్గీసిన గోల్సు సూసి సూసి కళ్ళు పోయేయి నాకు."

సెమీఫైనల్ రోజున, మాతో ఆడాల్సిన పూడిమడక జాలర్ల జట్టుకు వేట బాగా పడింది. చేపలు వదిలి ఆటకెవడు వస్తాడు? మేం ఆడకుండానే ఫైనల్‌కు చేరాం. ఎదురుగా మునగపాక, అందులో మా బావ.

మా జట్టంతా చుట్టాలే. గ్రౌండులో పేర్లుండవు, వరసలే. బంతి బావ కాలికి దొరికింది. మా ఫార్వర్డు అలవాటుగా "బావా, ఇటు!" అని అరిచాడు. బావ కూడా అలవాటుగా ఇచ్చేశాడు. గోలు.

మునగపాక కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, నువ్వెవులి పక్క ఆడతన్నావు?"

"అలా పిలిత్తే ఇయ్యకండా ఎలాగుంటాను?"

తర్వాత వాళ్ళు ఒక గోలు కొట్టారు. అది నేను వదిలిందే. చివర్లో మా చిన్నాన్న, అంటే బావకు చినమామ, బంతితో దూసుకొచ్చాడు. అడ్డం పెట్టిన కాలు బావ చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. రెండో గోలు!

"మామ కాలిరిగితే మా ఆడది నాకు కూడెడతాదేటి?" అని ఆయన ఎదురు తగువు.

ఆట అయిన వెంటనే మునగపాక వాళ్ళు జెర్సీ అక్కడికక్కడే విప్పించుకున్నారు. బావ బనీనుతో గోల్‌పోస్టు దగ్గర నిలబడ్డాడు, మావైపు చూడకుండా. కప్పు పట్టుకెళ్ళి ఇచ్చాను.

"నాకొద్దు. ఓడిపోయినోణ్ణి."

"రెండు గోల్సూ నీ పుణ్యమే. మా పక్కనున్నన్నాళ్ళూ ఇంత పనికి రాలేదు నువ్వు. పట్టుకో!"

పట్టుకున్నాడు. ఇంక వదిలితేనా? ఫొటోలో మేమందరం జెర్సీలతో ఉన్నాం. నడుమన బనీనుతో, కప్పును చంటిపిల్లలా ఎత్తుకుని ఆయన. ఫొటో తీసేవాడు, "ఈయన ఏ టీమండీ?" అని అడిగాడు.

"మాదే," అన్నాం.