ఒక ఇనిషియల్ నేర్పిన ఓపిక

షేర్లలో దీర్ఘకాలం పెట్టుబడి ఎలా పెట్టాలో చెప్పమని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళో ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. జీవితం మొత్తంలో నేను కొన్నది ఒకే ఒక్క కంపెనీ షేరు. అది ఎదిగే కంపెనీ, వచ్చిన లాభం పంచిపెట్టకుండా మళ్ళీ వ్యాపారంలోనే పెడుతుంది, ఆగినవాళ్ళకే ఫలితం అని ఆఫీసులో ఒకాయన చెబితే కొన్నాను. ముప్పై ఏళ్ళు కావస్తోంది. అది ఎన్నో రెట్లు పెరిగింది. దాంతో మా వీధిలో నాకు మహా తెలివైనదాన్నని పేరొచ్చింది.

యానాం నుంచి బదిలీ మీద వచ్చి మా ఎదురింట్లో దిగిన ఇంజనీరుగారైతే మరీనూ. కనబడితే చాలు, ధర పడిపోయినప్పుడు కూడా అమ్మకుండా ఎలా ఉండగలిగారండీ, మాకూ నాలుగు పాఠాలు చెప్పండి అంటారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ నవ్వే నా కొంప ముంచింది.

అసలు జరిగింది వేరు. ఆ షేర్లు నేనూ మా చెల్లెలూ ఒకే వారంలో కొన్నాం. అప్పటికి ఇద్దరికీ పెళ్ళి కాలేదు. తను ఊరి శివారున కాలాపేటలో కొత్తగా నర్సుగా చేరింది. స్కూటర్ కోసం దాచుకున్నదంతా నా మాట మీద పెట్టేసింది. కొన్నేళ్ళకు మార్కెట్ కుప్పకూలింది. మా షేరు సగానికి పడింది, ఆ తర్వాత అందులోనూ సగానికి పడింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, వచ్చినకాడికి అమ్మెయ్యి, నేనూ అమ్మేస్తున్నానని చెప్పాను. తను ఆ రోజే అమ్మేసింది. నేనూ అమ్మబోయాను. అక్కడ అడ్డం పడింది నా ఇనిషియల్.

తాతల కాలం నుంచీ మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ ఇంటిపేరు ఎప్పుడో రాలిపోయింది. ఇక్కడి తమిళ పద్ధతిలో పేరు ముందు నాన్న పేరులోని మొదటి అక్షరం ఉంటుంది, అంతే. ఆడపిల్లకు పెళ్ళయితే ఆ అక్షరం పోయి మొగుడి అక్షరం వస్తుంది. షేర్లు కొన్నప్పుడు నాది నాన్న అక్షరం. మధ్యలో పెళ్ళయింది. పాన్ కార్డుకు రాసేటప్పుడు ఒక్క అక్షరం చాలదు, పూర్తిగా విప్పి రాయమన్నారు. మా ఆయన పేరంతా వచ్చి నా పేరు వెనక కూర్చుంది. షేర్ల ఖాతాలో ఒక మనిషి, పాన్ కార్డులో ఇంకో మనిషి. ఇద్దరూ నేనేనని రుజువు చేసేదాకా ఒక్క షేరు కూడా కదలదని ఖాతా ఆపేశారు. చెల్లెలికి అప్పటికింకా పెళ్ళి కాలేదు కాబట్టి తనకు ఏ అడ్డూ రాలేదు.

పెళ్ళి పత్రిక ఇస్తే చాలదన్నారు. రేషన్ కార్డు ఇస్తే అందులో వట్టి అక్షరమే ఉందన్నారు. అఫిడవిట్ రాయిస్తే సంతకం పాతదానిలా లేదని తిప్పి పంపారు. పాత సంతకంలో ఉన్నది నాన్న అక్షరం కదా, పెళ్ళయ్యాక అది ఎలా ఉంటుంది? గెజెట్‌లో పేరు మార్పు వేయించమన్నారు. వేయిస్తే అందులో ఆ అక్షరమే తప్పు పడింది. ఆ రోజు కౌంటర్ ముందు నిలబడి ఏడ్చాను. అన్నీ సరయ్యేసరికి రెండేళ్ళు పట్టింది. అప్పటికి ధర కొన్నచోటికి వచ్చి, దాన్ని దాటి పోయింది. ఆ కాగితాలంటేనే వెగటు పుట్టి ఇక వాటి జోలికి పోలేదు. నా దీర్ఘకాల ప్రణాళిక అంటే ఇంతే.

ఇదంతా చెల్లెలికి అప్పుడే చెప్పాల్సింది. నష్టపోయి బాధలో ఉన్నదానికి నా కాగితాల గోల ఎందుకని మొదట చెప్పలేదు. ధర పెరిగాక, నేను అమ్మలేదని ఎవరి ద్వారానో తనకు తెలిసింది గానీ, ఎందుకు అమ్మలేదో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత, ఉన్నమాట చెప్పాలంటే, నలుగురూ మెచ్చుకుంటుంటే నాకు బాగుంది.

పోయిన ఏడాది మా అమ్మాయి సీమంతంలో ఇంజనీరుగారు మా బంధువులందరి ముందూ మొదలుపెట్టారు. అందరూ భయపడి అమ్ముకున్న రోజుల్లో మేడంగారు ఒక్కరే కదలకుండా ఉన్నారట. పక్కనే ఉన్న చెల్లెలు నా ముఖంలోకి చూసింది. నేను మామూలుగానే నవ్వాను. తను భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా డ్యూటీలో ఉన్నానని పెట్టేసేది. తనను అమ్మమని చెప్పి నావి దాచుకున్నాననుకుంటోందని నాకు తెలుసు. ఉన్నది ఒక్కతే చెల్లెలు. అది దూరమైతే ఎన్ని రెట్లు పెరిగి ఏం లాభం?

ఆరు నెలలు అలా తన్నుకులాడి, చివరికి ఆ తిప్పి పంపిన ఫారాలన్నీ సంచిలో వేసుకుని కాలాపేట బస్సెక్కాను. చెల్లెలు తలుపు తీసింది గానీ రమ్మనలేదు. నేనే లోపలికి వెళ్ళి కాగితాలు దాని ముందు పెట్టాను. ఒక్కొక్కటీ తేదీతో సహా చూసింది. అన్నీ మళ్ళీ దొంతర పెట్టి అప్పుడు మాట్లాడింది.

"నువ్వు అమ్మలేదని నాకు కోపం లేదక్కా. నేనొక్కదాన్నే భయపడి అమ్మేసినానని ఇన్నేండ్లు అనుకోని ఉండాను. నన్ను పిరికిదాన్ని చేసి నువ్వు ఆడ కూర్చోని పేరు వాంగుకున్నావు."

వాంగుకోవడమంటే మా ఇంటి తెలుగులో కొనుక్కోవడం. నేను కాగితాలు మళ్ళీ సంచిలో సర్దుకున్నాను. కాఫీ ఇచ్చింది, బస్టాపు దాకా మాత్రం రాలేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున, చెప్పకుండానే మా ఇంటికి వచ్చింది. తను వంటింట్లో ఉండగా ఇంజనీరుగారు మళ్ళీ తగలడ్డారు. అల్లుడికి షేర్లు కొనిపెట్టాలట, నా ఓపిక రహస్యం కావాలట. ఇక ఆగలేక, ఆ రోజు నేనూ అమ్మడానికే పరిగెత్తానని, పేరు కలవక వాళ్ళే అమ్మనివ్వలేదని మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వేశారు.

"మీలాంటివాళ్ళకే వస్తుందండీ ఇంత అణకువ."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చెల్లెలు వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"అణకువ కాదు సార్, నిజమే. ఆ పొద్దు మా అక్క నాకంటే ఎక్కువ భయపడింది. ఫోన్లో గొంతే రాలేదు," అంది, నా పక్కన వచ్చి కూర్చుంటూ.