కాంతి వేగంతో అక్క పెండ్లి

ఆ రోజుల్లో నాకు తెలియదని నేను ఒప్పుకునే సంగతులు తక్కువ, అర్థం కానివి మాత్రం చాలా. (ఇప్పుడు రెండూ సమానమే.) ఒకరినొకరు నమ్మని ఇద్దరు, చెరో ఊళ్లో ఉండి, మోసం లేకుండా చీటీ వేసుకోవడమెలా అన్నది నా పరిశోధన. వెలుగు కంటే ముందుగా ఏ కబురూ చేరదు గనుక ఇద్దరూ ఒకే క్షణంలో మాట చెప్పేస్తే, ఒకరిది విని మరొకరు మార్చుకోలేరు. అసలు పద్ధతిలో మాటలకు తోడు, నకలు తీయడానికి వీల్లేని కాంతి రేణువులుంటాయి. అక్కడి నుంచి నాకూ అయోమయమే.

సెలవులకు ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చేసరికి అక్క పెండ్లి ఆగిపోయేటట్టుంది. తన ఊరు పులివెందులలోనే చేయాలని మా పెదనాయన, తన ఊరు జమ్మలమడుగులోనే అని పెండ్లికొడుకు నాయన. ఫోన్లో చీటీ వేద్దామంటే, "ఆయప్ప చీటీ తీసి ఏం చదువుతాడో ఎవురికెరుక?" అని ఇద్దరిదీ ఒకటే మాట. అక్క నా గదిలోకొచ్చి తలుపేసింది. "నువ్వు చదివేది ఇదే గదరా? ఏదో ఒకటి చెయ్. నాకా పిల్లోడే కావల్ల."

నా చదువుతో ఒకరికి పని పడడం అదే మొదలు. మా చిన్నాయనను జమ్మలమడుగు పంపాను, పెండ్లికొడుకు బావను, అంటే వాళ్ల అల్లుణ్ణి, పులివెందులకు రప్పించాను. పదకొండు కాగానే పెద్దలిద్దరూ ఎదుటి పక్షం మనిషి ముందర ‘సరి’ అనో ‘బేసి’ అనో అనాలి. ఇద్దరిదీ ఒకటే మాటైతే పులివెందుల, వేరైతే జమ్మలమడుగు. (‘సరి’ అనేలోపు వెలుగు ఎన్నిసార్లు పోయిరాగలదో లెక్కేసి, భయపడి, ఆ కాగితం చించేశాను.)

"అంతలోపల వెలుగు కూడా వచ్చేదానికి కాదు, పెదనాయనా" అన్నాను.

"కరెంటు పోతేనో?" అన్నాడాయన.

ఆ రోజు రెండు ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు దాటింది. "ఉండప్పా, సంగటి పెడతాండారు" అన్నాడు చిన్నాయన. రెండో ఫోన్లో వాళ్ల అల్లుడి నవ్వు వినిపిస్తోంది. చాలాసేపటికి, "సరా, బేసా?" అని అరిచాను.

"ఎవురూ ఏం అనల్యా. శానా మంచోళ్లు. పెండ్లి ఈడనే చేద్దాం" అన్నాడు చిన్నాయన. రెండో ఫోన్లో వాళ్ల అల్లుడు, "పులివెందులలోనే కానీ, మా మామకు నేను చెప్తా" అంటున్నాడు. కాసేపట్లో మీ ఊళ్లోనే అంటే కాదు మీ ఊళ్లోనే అని పెద్దలు మళ్లీ పట్టుబట్టారు. అక్క రెండు ఫోన్లూ లాక్కుని, "పెండ్లి ప్రొద్దుటూరులో!" అని పెట్టేసింది.

పెండ్లిలో పెదనాయన నన్ను అందరికీ చూపించి, "మావోడే, వెలుగుతో ఏందో చేసి కుదిర్చినాడు" అన్నాడు. నేనేమీ చేయలేదన్నాను. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడదే పాఠం పిల్లలకు చెబుతూ, రెండు ఫోన్ల మధ్య నోరు తెరుచుకుని కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి, ఒక్కోసారి సగంలో ఆగి నవ్వుకుంటాను.