ఆలుపాయ

మంచి గొంతున్నవాడికి కొంచెం పొగరుంటుంది. నాకు కొంచెం కాదు, చాలానే ఉండేది. కరీంనగర్‌లో డేరా టాకీసుకు సినిమా మారినప్పుడల్లా రిక్షాకు మైకు కట్టుకుని ఊరంతా చాటింది నేనే. సాయంత్రం ఆటకు ముందు గ్రామఫోను ప్లేట్లు వేస్తూ, పాటకూ పాటకూ మధ్య నాలుగు ముక్కలు మాట్లాడి జనాన్ని డేరాలోకి పిలిచిందీ నేనే. ఇప్పుడు ఆ పనికి రకరకాల పేర్లున్నాయి. అప్పుడు మమ్మల్ని మైకోళ్లు అనేవారు, అంతే.

మాది నేతపని చేసే ఇల్లు. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. రిక్షా మా వాడకట్టులోకి వచ్చేసరికి అవ్వ కండెలు చుట్టే రాట్నం ఆపి, "మావోడు" అనేది. వినేవాళ్లందరికీ ఆ సంగతి ముందే తెలుసు. అయినా అనేది. మా చేనేత సంఘం ఆఫీసులో ఒక రేడియో పెట్టారు. సాయంత్రం పూట వాడకట్టంతా దాని ముందు చేరేది. నాకు ఒకటే కోరిక పట్టుకుంది. అవ్వ అక్కడ పదిమందిలో కూర్చుని, రేడియోలో నా గొంతు విని, "మావోడు" అనాలి. ఇంకేం అక్కర్లేదు.

వాడు అప్పుడే వచ్చాడు. ఖానాపూర్ సాయిబుల పిల్లవాడు, నా ఈడువాడే. ప్లేట్లు మార్చడానికి, ముల్లు అరిగితే కొత్తది పెట్టడానికి యజమాని వాణ్ణి నాకు తోడుగా పెట్టాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నన్ను "భాయి" అనేవాడు, మా అవ్వను "అవ్వా" అనేవాడు. వచ్చిన వారానికే మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. అవ్వ వాడికి రెండో రొట్టె అడగకుండానే వేసింది. నాకది నచ్చలేదు.

ఒకరోజు నాకు గొంతు పట్టేసింది. ఆ సాయంత్రం మైకు వాడు పట్టుకున్నాడు. "ఇంట్ల కూసోని ఏం జేస్తరే, జర పెందలాడ రాండ్రి, జాగ దొరకది" అన్నాడు. అంతే, బండ్ల దగ్గరున్నవాళ్లు కూడా నవ్వుకుంటూ వచ్చేశారు. నేను అన్నేళ్లు "మహాశయులారా" అని పిలిస్తే ఎవడూ నవ్వలేదు. డేరా నిండింది. నా కడుపూ నిండింది, మంటతో.

ఆ మంటలోంచే నాకో ఆలోచన పుట్టింది. ఆంధ్రప్రదేశ్ అయిన తర్వాత మా ఊరి సర్కారు కచేరీకి కృష్ణా, గుంటూరు వైపు గుమాస్తాలు వచ్చారు. రేడియోలో వినిపించేదీ దాదాపు వాళ్లలాంటి తెలుగే. అది వస్తే రేడియో నాదే, వీడి బజారు మాటలు డేరా దాకానే అనుకున్నాను. హోటల్లో వాళ్ల పక్క బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ మాటలు ఏరుకున్నాను. వచ్చిండును వచ్చాడు చేశాను, అంగీని చొక్కా చేశాను. మక్కలు మొక్కజొన్నలయ్యాయి, ఉల్లిగడ్డ ఉల్లిపాయ అయింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, నాకు ఆ కూర మహా రుచించింది. మీకిప్పుడు రాస్తున్న ఈ తెలుగు కూడా ఆ హోటల్లో సంపాదించిందే.

ఇంట్లోనూ అలాగే మాట్లాడేవాణ్ణి. "అమ్మా, అన్నం వడ్డించు" అంటే, అవ్వ వెనక్కి తిరిగి చూసి, "ఎవల్ని పిలుస్తున్నవ్‌రా?" అనేది.

హైదరాబాద్ రేడియోలో రైతుల కార్యక్రమానికి మాట్లాడేవాళ్లు కావాలని తెలిసింది. నేను దరఖాస్తు పెట్టాను. వాడూ పెట్టాడు. పెట్టమని చెప్పింది మా అవ్వే. ఇద్దరం ఒకే బస్సులో పోయాం. దారి పొడవునా వాడు నిద్రపోయాడు, నేను మాటలు వల్లె వేసుకున్నాను.

ముందు నన్ను పిలిచారు. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ నన్ను మైకు ముందు కూర్చోబెట్టింది. "మీ ఎదురుగా ఒక రైతు ఉన్నాడనుకోండి. అంగడి సంగతులు చెప్పండి" అంది. కాగితం మీద రాసిచ్చి ఉంటే గెలిచేవాణ్ణేమో. సొంతంగా చెప్పమన్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "రైతు సోదరా, ఈ వారం అంగడికి ఉల్లిపాయలు, వెల్లుల్లిపాయలు, ఆలుపాయలు విరివిగా వచ్చాయి..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "ఆలుపాయలంటే ఏమిటండీ?"

వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఉల్లిగడ్డ ఉల్లిపాయ అయినప్పుడు ఆలుగడ్డ ఆలుపాయ ఎందుకు కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బంగాళాదుంప అనే మాట ఆ హోటల్లో నా చెవిన పడలేదు, నా ఖర్మ. "అదే... ఆలుగడ్డ" అన్నాను. అద్దం అవతల ఎవరో తల వంచుకుని నవ్వారు.

నా తర్వాత వాడు వెళ్లాడు. తలుపు ఓరగా ఉంది. "ఏం పటేలా, అంగట్ల ఆలుగడ్డ మస్తు వచ్చింది గని, నీ మొఖమేంది గట్లున్నది, ఇంట్ల అలిగినవా?" అన్నాడు. లోపల అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్విన నవ్వు కాదది.

వాణ్ణి తీసుకున్నారు.

ఆలుపాయ సంగతి వాడు బయట కూర్చుని విన్నాడని నాకు తెలుసు. ఊళ్లో చెబుతాడని ఎదురుచూశాను. చెబితే హాయిగా పగబట్టేవాణ్ణి. ఒక్కరికీ చెప్పలేదు. ఆ మంచితనమే నాకు పుండు మీద కారం. మనిషి మీద అసూయ పడడానికి కూడా వాడు కాస్త సహాయం చెయ్యాలి కదా.

సాయంత్రాలు సంఘం ఆఫీసు ముందు వాడి గొంతు మోగేది. మా బాపు మగ్గం గుంటలోంచి లేచి వెళ్లేవాడు. నేను మాట్లాడేటప్పుడు ఎన్నడైనా లేచాడా? అవ్వ అందరికంటే ముందు కూర్చుని, "మనోడు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పళ్లు నూరుకోవడమే మిగిలేది. బెల్లంపల్లి బొగ్గుబావుల నుంచి, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల నుంచి వాడికి ఉత్తరాలు వస్తాయట. అది కూడా అవ్వే చెప్పింది, వడ్డిస్తూ.

కొన్నాళ్లకు వాడే కబురు పంపాడు. ఒక నాటికలో వేషం ఉందట. పల్లెకు కొత్తగా వచ్చిన వ్యవసాయాధికారి, కోస్తా తెలుగు మాట్లాడతాడు, ఆయన చెప్పేది ఊళ్లో ఒక్కరికీ అర్థం కాదు. "భాయి, నీ అంత మంచిగ గా భాష మాట్లాడెటోడు మన దిక్కోళ్లల్ల ఇంకోడు లేడు" అని రాశాడు. వాడు ఎగతాళి చేశాడని నేను ప్రమాణం చేసి చెప్పలేను. చెయ్యలేదని కూడా చెప్పలేను.

పోకూడదనుకున్నాను. పోయాను. రేడియో మరి.

నాటికలో నేను ఎరువుల గురించి చెబుతుంటే వాడు రైతు వేషంలో ప్రతి మాటనూ అడ్డదిడ్డంగా అర్థం చేసుకున్నాడు. నా గొంతు ఎక్కడా వణకలేదు, ఒక్క మాట కూడా తప్పు పోలేదు. బయటికొచ్చాక కళ్లజోడు ఆవిడ కూడా మెచ్చుకుంది. మర్నాడు బస్సు దిగి నడవలేదు, ఇంటికి పరుగెత్తాను.

అవ్వ కండెలు చుడుతోంది. "విన్నావా?" అన్నాను.

"ఇన్న బిడ్డా. మనోని మాటలకు వాడకట్టంత కడుపు చెక్కలయ్యేటట్టు నవ్విండ్రు. గా ఆఫీసరు సారు ఎవలో గని, పాపం, ఒక్క ముక్క సమజ్ గాలే." రాట్నం ఆపి నా మొహంలోకి చూసింది. "నువ్వొస్తవని ఆఖరిదాంక కూసున్న. నీ వంతు రాలేదారా?"



"రాలే అవ్వా" అన్నాను.

"ఫికర్ చెయ్యకు" అంది అవ్వ, మళ్లీ రాట్నం తిప్పుతూ. "మనోనికి నేను చెప్త. నీకు గూడ ఒకపారి మాట్లాడిపిస్తడు."