గేటుకి గొట్టాలు, గదికి చిన్న మైకులు

మా మరిదిని అందరూ "హలో" అంటారు. మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. "హలో... హలో... వినపడుతోందా?" అని రోజంతా గాలిని అడుగుతుంటాడు. ఇంట్లో భార్య ఒక్క మాటంటే మాత్రం నోరు పెగలదు. పెళ్ళివాళ్ళు పిలిచినా, ఓట్లవాళ్ళు పిలిచినా వెళ్తాడు. ఎవరినీ కాదనలేడు.

ఆయన భార్య, అంటే నా తోడికోడలు, ప్రభుత్వ ఆసుపత్రిలో నేలలు తుడుస్తుంది. అక్కడి పనివాళ్ళ జీతాల్లో నెలనెలా కోసి ముసలితనానికని దాచిన సొమ్మును ప్రభుత్వం ఒక ఫైనాన్స్ కంపెనీ చేతిలో పెట్టబోతోంది. శుక్రవారం మంత్రి సంతకం. అది తెలిసి ఆసుపత్రి పనివాళ్ళంతా రోడ్డెక్కారు. ముందు నడిచేది మా తోడికోడలే. ఆరోజు మంత్రి ఆఫీసు గేటు ముందు కూర్చోవాలనుకున్నారు.

బుధవారం సాయంత్రం వాళ్ళ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. మరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చే మగాణ్ణి నేను నమ్మను.

"వదినా, మా ఆవిడకి చెప్పకు. శుక్రవారం గేటు దగ్గర నాలుగు మైకు గొట్టాలు పెట్టమన్నారు. డబ్బెవరిదో తెలుసా? కంపెనీ మేనేజరుది!"

నా కత్తి ఆగింది. "ఎందుకట? మన తిట్లు అంత ముద్దొచ్చాయా వాడికి?"

"జనం గొంతు గట్టిగా వినపడాలట. పెద్దమనసు."

"అంత మనసున్నవాడు ఆ సొమ్ము జోలికే రాకుండా ఉండొచ్చుగా. ఇంకేమన్నాడు?"

"ఏం లేదు. అదే పొద్దున ఊరి చివర గెస్ట్‌హౌస్‌లో బల్ల మీదికి అరడజను చిన్న మైకులు కావాలన్నాడు. మాట గది దాటకూడదట."

నేను చదివింది మూడో క్లాసు. సంతకం ఎక్కడో అర్థం కావడానికి నాలుగో క్లాసు అక్కర్లేకపోయింది.

"మీ ఆవిడ ఖాళీ ఆఫీసు ముందు గొంతు చించుకుంటుంటే, వాళ్ళక్కడ నీ మైకుల ముందే పని కానిచ్చుకుంటారయ్యా! వెళ్ళి చెప్పు."

"చెబితే కంపెనీ నన్ను మళ్ళీ పిలవదు వదినా. ఊళ్ళో సగం మీటింగులు వాళ్ళవే."

"అయితే రేపు ముసలిదయ్యాక దాన్ని నీ గొట్టంలో కూర్చోబెట్టి పోషించు."

గురువారమంతా మరిది ఆమెకి చెప్పలేదు. నేనే చెప్పేసేదాన్ని. కానీ మొగుడు దాచాడని ఇంకొకరి నోట వింటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. శుక్రవారం పొద్దుటిదాకా చూద్దామనుకున్నాను.

పొద్దున్నే గేటు ముందు జనం నిండిపోయారు. ఆటో మీద గొట్టాలు కట్టి ఉన్నాయి. మరిది తీగ చుట్టుకుంటూ నిలబడ్డాడు, ముఖం చెల్లని నోటులా ఉంది. ఇక లాభం లేదని నేను తోడికోడలి వైపు నడిచాను. అది చూసి, మరిది ఆమె చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"హలో... హలో... వినపడుతోందా?"

జనం నవ్వారు.

"సంతకం ఇక్కడ కాదు. గెస్ట్‌హౌస్‌లో. అక్కడి మైకులు ఇందాక నేనే పెట్టొచ్చాను."

నవ్వు ఆగిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?" అంది భార్య.

"బుధవారం."

"నీ సంగతి ఇంటికెళ్ళాక చెప్తా. ముందు ఆటో తియ్యి."

ఆటో వెనకే అందరం నడిచాం. గెస్ట్‌హౌస్ కిటికీలు మూసుకున్నారు, కానీ మా గొట్టాల మోతకి లోపల ఒకరి మాట ఒకరికి వినపడలేదు. మధ్యాహ్నానికి ఒక గుమాస్తా బయటికొచ్చి, సంతకం వాయిదా పడిందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. వాయిదా వేసినవాడు ఇంకో గది చూసుకుంటాడు. ఈసారి వదిన లేని మైకువాణ్ణి పిలుస్తాడు.

మరిదికి కంపెనీ పని పోయింది. భార్య మాట్లాడటం మొదలుపెట్టింది గానీ, అన్నం ఇంకా చప్పుడయ్యేలా వడ్డిస్తోంది. ఇప్పుడామె ఊళ్ళో మైకువాళ్ళందరినీ కలిసి వస్తోంది. కంపెనీ ఎక్కడికైనా చిన్న మైకులు అడిగితే కబురు చెయ్యమని. ఇద్దరు ఒప్పుకున్నారట.

ఆ ఇద్దరూ ఈల వేస్తారేమో కనుక్కోమన్నాను.