కొంగలు దిగిన మడుగు

నిన్న అటక మీది రేకుపెట్టె దించి దుమ్ము దులుపుతుంటే మనవరాలికి ఒక ఫోటో దొరికింది. సైనైడ్ దిబ్బ కింద వాననీటి మడుగు, అందులో మూడు తెల్లకొంగలు, వెనక తేటపడిన ఆకాశం. ఎంత బాగుందో, ఫ్రేము కట్టిద్దాం తాతా అని ముచ్చటపడింది. నేను మాత్రం వద్దన్నాను.

మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు నేను టైం ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా నాన్నలాగా భూమి లోపలికి దిగే పని కాదు కాబట్టి ఆదివారాలు ఒంట్లో ఓపిక మిగిలేది, చేతిలో ఒక పాత కెమెరా ఉండేది. ఇంకేం, మాఘంలో రాయల్పాడు మామిడి పూత, ఎండాకాలంలో ముళబాగిలు బండల మీద తొండలు, వానలు మొదలైతే ఎక్కడ పిట్ట వాలితే అక్కడ నేను. రీలు ఎక్కడ అయిపోతుందోనని ఊపిరి బిగబట్టి మీట నొక్కిన ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

గని కూలీల ఇళ్ళ వరసలు, కోరమండల్ లైన్లలో మా పక్కిల్లే పిన్నిది. బాబాయి గనిలో బండ విరిగిపడి పోయాక, ఇద్దరు ఆడపిల్లల తిండీ చదువూ ఒక్క ఆవు పాల మీదే నడిచేవి. సైనైడ్‌తో బంగారం తీసేయగా మిగిలిన మట్టే ఆ దిబ్బలు. తొలివానకు వాటి కింద నిలిచే నీళ్ళను ఎవరూ పశువులకు తాగించేవారు కాదు. కొంగలు దిగి, నాలుగు రోజులు అక్కడే తిరిగితేనే ఆ నీళ్ళు మంచివని మావాళ్ళ నమ్మకం.

ఆ ఏడు వానలు ఆలస్యమై, ఆవు కోసం బిందెలు మోసీ మోసీ పిన్ని నడుం పడిపోయింది. తొలివాన పడ్డ ఆదివారం నేను మడుగు దగ్గరికి వెళితే మూడు కొంగలు నీళ్ళలో ఉన్నాయి, గట్టు మీద రెండు చచ్చి పడి ఉన్నాయి. ఫోటో చెడిపోతుందని ఆ రెండింటినీ కర్రతో పొదలోకి నెట్టేసి, ఎగిరిపోయిన మూడూ మళ్ళీ దిగేదాకా కాచుకుని తీశాను. అవి ఎందుకు చచ్చాయన్న ఆలోచన రాకపోలేదు, వెలుతురు పోతుందన్న తొందరలో దాన్ని పక్కకు నెట్టాను.

నాలుగు రోజులకు ఫోటో కడిగించి తెస్తే లైనంతా చూసి మెచ్చుకుంది. పిన్ని అందరికన్నా ఎక్కువసేపు చూసింది.

"ఇది మన దిబ్బకాడి మడుగే కదప్పా? కొంగలు దిగి నాలుగు దినాలైపోయినాయే!"

చచ్చినవాటి మాట నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ పొగుడుతున్నారు కదా, మింగేశాను. మర్నాడు పొద్దున ఆమె ఆవును మడుగుకు తోలుకుపోయింది. మధ్యాహ్నానికి అది నురగలు కక్కి పడిపోయింది.

సాయంత్రం పిన్ని దాని పక్కనే కూర్చుని, తప్పు తనదే అన్నట్టు అడిగింది.

"నీ ఫోటోలో అన్నీ నిలబడి ఉండాయి కదప్పా, నేను సరిగ్గా చూడలేదా?"

నేను ఆవు మెడలో పలుపు విప్పే పనిలో పడ్డాను. పెద్దపిల్ల బడి మాని పట్టుగూళ్ళు ఉడికించే పనికి పోయింది. ఆ తర్వాత కూడా నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను, అది చెప్పుకోవడానికే ఎక్కువ సిగ్గు.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి, ఆ లైన్లలో ఆవులు లేవు, కొంగ ఎక్కడ దిగిందని చూసేవాళ్ళూ లేరు. ఫ్రేము వద్దంటే మనవరాలు ఫోన్లో ఆ ఫోటో తీసుకుని, గట్టు మీద తెల్లగా ఏదో మచ్చ ఉందంటూ వేలితో తుడిచేసింది. అది చచ్చిన కొంగ ఈక. నాకు ఆ రోజు కర్ర కావలసి వచ్చింది, ఇప్పుడు వేలు చాలు. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది, ఆమె అడిగినదానికి జవాబు ఇంకా నా దగ్గరే ఉంది.